వట్టివేరు తవ్విన చరిత్ర

ఒర్లియంపేటలో నాటుమందుల దుకాణంలో అడిగితే వట్టివేళ్ల కట్ట తీసి ఇస్తారు. తమిళంలో దాని పేరు ‘వెట్టివేర్’. ‘వెట్టు’ అంటే నరుకు, తవ్వు. తవ్వి తీసిన వేరన్నమాట. 1954 దాకా పుదుచ్చేరిని ఏలిన ఫ్రెంచివారి భాషలోకి ఈ మాట తమిళం నుంచే వెళ్లి ‘వెతివేర్’ అయింది. 1822లో వృక్షశాస్త్రజ్ఞుడు బోరీ పేరుమీద ‘వెటివేరియా’ అనే ప్రజాతి ఏర్పడింది. 1999లో వెల్డ్‌కాంప్ దాన్ని ‘క్రైసోపోగాన్’లో కలిపేయడంతో శాస్త్రీయ నామంలోంచి తమిళం జారిపోయింది. నాకైతే పాత పేరే ఇష్టం!

ఇది ఏళ్ల తరబడి బతికే మన దేశపు గడ్డి. ఏటి ఒడ్లు, తేమ నేలలు దీని పుట్టిల్లు. అయినా వేళ్లూనిన తరువాత కరువుకు తట్టుకుంటుంది, నీట మునిగినా చావదు. నీడ మాత్రం గిట్టదు. వేళ్లు పక్కలకు పాకక మూడు మీటర్ల లోతుకు సైతం దిగుతాయి. కనుక పక్క పైరుకు పోటీ తక్కువ. దక్షిణాది రకం పూసినా మొలకెత్తే గింజ కట్టదు. పిలకలు విడదీసి నాటాల్సిందే. అంటే దేశదేశాలకూ దీన్ని మోసుకెళ్లింది మనుషుల చేతులే.

మోసుకెళ్లింది అత్తరు కోసం. రియూనియన్, జావా, హైతీలలో వేళ్లనుంచి నూనె తీశారు. కడలూరు తీరంలోలాగా చదునైన ఇసుక నేలల్లో వేళ్లు తెగకుండా వస్తాయి, నేలకు నష్టమూ తక్కువే. హైతీ కొండవాలుల్లో తవ్వినచోట మాత్రం వదులైన మట్టి వానకు కొట్టుకుపోయింది.

తవ్వకుండా వదిలితే ఇదే గడ్డి మట్టిని పట్టి నిలుపుతుంది. మైసూరు ప్రాంతంలోని గుండ్లుపేట రైతులు తరతరాలుగా దీన్ని గట్లమీద పెంచారు. 1950లలో ఫిజీ చెరకుతోటల్లో జాన్ గ్రీన్‌ఫీల్డ్ దీన్ని వాలుకు అడ్డంగా వరుసలుగా నాటించాడు. 1980లలో ఆయనా, రిచర్డ్ గ్రిమ్‌షా ప్రపంచ బ్యాంకు ద్వారా మన దేశంలో ప్రచారం చేశారు. దగ్గరదగ్గరగా నాటిన పిలకలు కలిసిపోయి కంచె అవుతాయి. నీరు మెల్లగా దాటుతుంది, ఒండ్రు వెనకే ఆగుతుంది. 1993లో అమెరికా జాతీయ పరిశోధనా మండలి దీనిమీద ఒక పుస్తకమే వేసింది.

ఇక్కడొక చిక్కు ఉంది. 1990లలో రాబర్ట్ ఆడమ్స్ బృందం డి.ఎన్.ఎ. పరీక్షలు చేస్తే, దక్షిణాసియా వెలుపలి కంచెల్లో అత్యధికం ఒకే మొక్క పిలకల సంతానమని తేలింది. దానికి సోకే తెగులేదైనా వస్తే ఆ కంచెలన్నిటికీ ముప్పే. వైవిధ్యం ఉన్నది ఉత్తరాదిలో గింజ కట్టే అడవి రకంలో. దాన్ని గట్లమీద నాటితే గింజ రాలి పొలంలో కలుపవుతుంది.