పన్ను కట్టిన సైకిలుకు దారి

మా ఇంట్లో పాత ట్రంకుపెట్టె అడుగున ఒక ఇత్తడి బిళ్ళ ఉండేది. దాని మీద మునిసిపాలిటీ పేరు, ఒక నంబరు, ఒక సంవత్సరం. మా నాన్న సైకిలు బిళ్ళ అది. ఏటా మునిసిపాలిటీ ఆఫీసుకు వెళ్ళి పన్ను కట్టి, ఆ బిళ్ళ తెచ్చి సైకిలుకు బిగించుకోవాలి. అది లేకపోతే జరిమానా. చీకటి పడ్డాక లైటు లేకపోయినా, వెనకాల ఇంకొకరిని ఎక్కించుకుని డబుల్స్ తొక్కినా పోలీసు ఆపేవాడు. కోపం వస్తే టైర్లలో గాలి తీసేసి నడిపించుకుంటూ పొమ్మనేవాడు. అరవై దాటినవాళ్ళను ఎవరిని కదిపినా ఇలాంటి కథ ఒకటి చెబుతారు.

పన్ను కట్టించుకుని జరిమానా వేసిందంటే సర్కారు సైకిలును వాహనంగా గుర్తించినట్టే. మరి వాహనంగా గుర్తించినదానికి రోడ్డు మీద చోటు ఎంత ఇచ్చింది? నూటయాభై ఏళ్ళ చరిత్రను ఈ ప్రశ్న పట్టుకుని వెతికితే నాకు కనబడినది ఇది: సైకిలు తొక్కేవాడికి రోడ్డు మీద హక్కు కట్టబెట్టడంలో మన చట్టం ఎప్పుడూ వెనకబడింది. అతను కిందపడ్డాక పరిహారం ఇప్పించడం మాత్రం నెమ్మదిగానైనా నేర్చుకుంది.

సైకిలుకు చట్టంలో మొదటి గుర్తింపు వచ్చింది కూడా శిక్ష రూపంలోనే. ఇంగ్లండులో వేగంగా సైకిలు తొక్కాడని ఒకరి మీద కేసు పెడితే, సైకిలు కూడా బండే, బండికి వర్తించే శిక్ష దీనికీ వర్తిస్తుందని 1879లో అక్కడి కోర్టు తేల్చింది. తొమ్మిదేళ్ళ తర్వాత, 1888 నాటి స్థానిక పాలన చట్టం ఆ మాటను చట్టంలోకే ఎక్కించింది. బండి అన్నాక రోడ్డు మీద బండికి ఉండే హక్కు దీనికీ వచ్చినట్టే కాబట్టి సైకిలు సంఘాలు ఆ మాటను గట్టిగా పట్టుకున్నాయి. అమెరికాలో 1880లో ఏర్పడిన సైకిలు సంఘం మంచి రోడ్ల కోసం పెద్ద ఉద్యమమే నడిపింది. మోటారు కార్లు రాకముందే నున్నటి రోడ్లు కావాలని అడిగినవాళ్ళు సైకిలువాళ్ళు.

మన దగ్గర 1939లో మోటారు వాహనాల చట్టం వచ్చింది. పేరులోనే ఉంది, అది మోటార్ల కోసం. దాని స్థానంలో వచ్చిన 1988 చట్టం కూడా అంతే. సైకిలుకు లైసెన్సు అక్కర్లేదు, ఇన్సూరెన్సు అక్కర్లేదు. అది సౌకర్యమే, కాదనను. కానీ ఆ చట్టాల్లో సైకిలు మనిషి కనబడేది ఎక్కువగా ఒక్క చోటే. ఇన్సూరెన్సు భాషలో బండి యజమాని ఒక పక్షం, కంపెనీ రెండో పక్షం, బండి గుద్దితే పడిపోయేవాడు ‘థర్డ్ పార్టీ’. రోడ్డు మీద తిరిగినన్నాళ్ళూ లెక్కలో లేని మనిషి దెబ్బ తగిలిన రోజున మూడో పక్షంగా ఫైల్లోకి వస్తాడు.

విడిగా దారి వేయడం అనే ఆలోచన కొత్తదేమీ కాదు. 1934 డిసెంబరులో లండన్ పశ్చిమాన వెస్టర్న్ అవెన్యూ పక్కన రెండున్నర మైళ్ళ సైకిలు దారిని ఆనాటి రవాణా మంత్రి హోర్ బెలీషా ప్రారంభించాడు. దాన్ని గట్టిగా వ్యతిరేకించింది సైకిలు సంఘాలే. పక్కన ఇరుకు దారి ఒకటి వేసి, ఆ తర్వాత అసలు రోడ్డు మీదికి రావద్దంటారని వాళ్ళ భయం. చదివినప్పుడు అది అతి అనుమానం అనిపించింది. కోల్‌కతాలో జరిగింది తెలిశాక అలా అనిపించలేదు. 2013లో అక్కడి పోలీసులు 174 రోడ్ల మీద సైకిళ్ళను నిషేధించారు. పక్కన దారీ వేయలేదు. పాలు, పేపర్లు, కూరగాయలు మోసేవాళ్ళు సందుగొందుల చుట్టూ తిరిగి జరిమానాలు కట్టారు. తర్వాత ఆ జాబితా తగ్గింది గాని నిషేధం పూర్తిగా పోలేదు.

సైకిలుకు విడి దారి కావాలన్న సంగతి మన ఇంజనీర్లకు మాత్రం మొదటినుంచీ తెలుసు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1962లోనే సైకిలు దారుల మీద ఒక ప్రమాణ పత్రం తెచ్చింది. అందులోని లెక్క ఇది. రద్దీ వేళ గంటకు 100 నుంచి 200 మోటారు బళ్ళు తిరిగే రోడ్డు మీద గంటకు 400 సైకిళ్ళు వెళ్తుంటే వాటికి వేరే దారి వేయవచ్చు. మోటారు బళ్ళు 200 దాటితే గంటకు 100 సైకిళ్ళున్నా చాలు. దారి వెడల్పు కనీసం 2 మీటర్లు. ఒకరినొకరు దాటాలంటే 3. గంటకు 200 మోటారు బళ్ళంటే ఈ రోజున మండల కేంద్రం బస్టాండు ముందు కూడా దాటిపోయే సంఖ్య. ఆ కాగితాన్ని కాలానికి తగ్గట్టు అమలు చేసి ఉంటే, సైకిళ్ళు బాగా తిరిగిన 1970, 80 దశకాల్లోనే విజయవాడ, గుంటూరు, వరంగల్ రోడ్ల పక్కన ఈ దారులు ఉండేవి. అది ఆదేశం కాదు, సిఫార్సు. దారి వేయకపోతే ఎవరూ జవాబు చెప్పనక్కరలేదు. 2015లో ఆ ప్రమాణాన్ని తిరగరాశారు. అదీ ప్రమాణమే, హక్కు కాదు.

2006 జాతీయ పట్టణ రవాణా విధానం రోడ్డును వాహనాల లెక్కన కాక మనుషుల లెక్కన పంచాలని చెప్పింది. ఆ మాటకు ఢిల్లీలో పెద్ద పరీక్షే ఎదురైంది. అంబేద్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ దాకా 5.8 కిలోమీటర్ల బస్సు కారిడార్ 2008లో మొదలైంది. ఐఐటీ ఢిల్లీకి చెందిన దినేశ్ మోహన్, గీతం తివారీల ఆలోచన దాని వెనక ఉంది. మధ్యలో బస్సులకు దారి, అంచున సైకిళ్ళకు విడిగా దారి. మా టైము పోతోందని కార్లవాళ్ళు గోలపెట్టారు, కేసు వేశారు. 2012లో ఢిల్లీ హైకోర్టు ఆ పిటిషన్ కొట్టేసి కారిడార్ వైపు నిలబడింది. కోర్టులో గెలిచిన కారిడార్ రాజకీయాల్లో ఓడింది. 2016లో దాన్ని తవ్వేశారు. కార్లు ఎంతసేపు ఆగాయన్నది రోజూ పేపర్లలో వచ్చింది. ఆ అంచు దారిలో ఎందరు క్షేమంగా పనికి వెళ్ళి ఇల్లు చేరారన్నది ఎవరూ రాయలేదు. నన్ను ఇప్పటికీ బాధపెట్టే విషయం అది.

అప్పటికి సైకిలు చచ్చిపోయిందని కాదు. 2011 జనాభా లెక్కల్లో 44.8 శాతం ఇళ్ళలో సైకిలుంది. వ్యవసాయేతర పనులకు వెళ్ళేవాళ్ళలో దాదాపు 13 శాతం సైకిలు మీదే వెళ్ళారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘బడికొస్తా’ పేరుతో హైస్కూలు ఆడపిల్లలకు సైకిళ్ళు పంచింది. మంచి పని. కానీ ఆ పిల్ల పక్క ఊరి హైస్కూలుకు వెళ్ళే రోడ్డు మీదే ఇసుక లారీలు, కాలేజీ బస్సులు కూడా వెళ్తాయి. సైకిలు ఇచ్చిన శాఖ వేరు, రోడ్డు వేసే శాఖ వేరు.

2020లో కేంద్రం నగరాల మధ్య సైకిలు పోటీ పెడితే గెలిచిన వాటిలో వరంగల్ కూడా ఉంది. 2023 అక్టోబరులో హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు వెంట 23 కిలోమీటర్ల ట్రాక్ తెరిచారు. పైన సోలార్ పలకల కప్పు, కింద ఎండ తగలని దారి. చూడముచ్చటగా ఉంది, పొద్దున్నే వ్యాయామానికి వెళ్ళేవాళ్ళకు వరమే. కానీ పటాన్‌చెరులో షిఫ్టు దిగి రాత్రి పదింటికి ఇంటికి తొక్కుకుంటూ వెళ్ళే కార్మికుడి దారి అది కాదు. అతనికి కావలసింది అతను రోజూ వెళ్ళే రోడ్డు అంచునే.

అంచున తెల్ల గీత గీస్తే చాలదు. గీత మీద ఆటోలు ఆగుతాయి, బైకులు పార్కు చేస్తారు, బజ్జీల బండి పెడతారు. సైకిళ్ళకు కేటాయించిన దారిలోకి మోటారు బండి రాకూడదని 1989 రోడ్డు నియమాల్లోనే ఉంది. 2017లో వచ్చిన డ్రైవింగ్ నియమాలు సైకిలు తొక్కేవాళ్ళ విషయంలో ప్రత్యేక జాగ్రత్త తీసుకోమన్నాయి. మధ్యలో గట్టు ఉంటే తప్ప ఆ మాటలు రోడ్డు మీద నిలబడవు. ఎక్కువ భయం కూడలి దగ్గర. ఎడమకు తిరిగే లారీ డ్రైవరుకు తన ఎడమ పక్కనే ఉన్న సైకిలు కనబడదు. డ్రైనేజీ జాలీ సందులు చక్రం నడిచే దిశలోనే ఉంటే ముందు చక్రం అందులో దిగిపోతుంది. ఇక వేగం. నడిచేవాళ్ళు, సైకిళ్ళు, బళ్ళు కలిసి తిరిగే చోట గంటకు 30 కిలోమీటర్లు దాటకూడదని 2020 స్టాక్‌హోమ్ ప్రకటన కోరింది. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, అందులో సైకిలు తొక్కేవాళ్ళు నాలుగున్నర వేలకు పైనే.

ఇక పడిపోయాక సంగతి. 1939 చట్టంలోని నిర్బంధ ఇన్సూరెన్సు అధ్యాయం 1946 జులై 1న అమల్లోకి వచ్చింది. అయినా పరిహారానికి సివిల్ దావాయే వేయాలి. 1855 నాటి చట్టం పట్టుకుని ఏళ్ళ తరబడి తిరగాలి. 1956 సవరణతో మోటారు ప్రమాద క్లెయిముల ట్రిబ్యునళ్ళకు దారి పడింది. ట్రిబ్యునల్ వచ్చినా తప్పు డ్రైవరుదేనని రుజువు చేయాల్సింది బాధితుడే. చూసిన సాక్షి లేకపోతే కేసు లేదు. తప్పు రుజువు కాకపోయినా నిర్బంధ ఇన్సూరెన్సు మేరకైనా ఇవ్వాల్సిందేనన్న ఉదారమైన అభిప్రాయం మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి 1970లలో వచ్చింది. 1977లో సుప్రీంకోర్టు దాన్ని ఒప్పుకోలేదు. మన హైకోర్టు మాట పూర్తిగా వృథా పోలేదనే నేను అనుకుంటాను. అయిదేళ్ళకే పార్లమెంటు అదే దిశలో కదిలింది.

1982 సవరణ రెండు కొత్త తలుపులు తెరిచింది. ఒకటి, తప్పు ఎవరిదైనా సరే చనిపోతే 15,000, శాశ్వత వైకల్యమైతే 7,500 రూపాయలు. రెండోది గుద్ది పారిపోయిన బండి ఆచూకీ దొరకని కేసుల్లో చనిపోతే 5,000, తీవ్ర గాయమైతే 1,000. మొత్తాలు చిన్నవి, కానీ సైకిలువాడు మొదటిసారి రుజువుల భారం లేకుండా నిలబడ్డాడు. తప్పు లేకున్నా చనిపోతే ఇచ్చే మొత్తం 1988 చట్టంలో 25,000, 1994లో 50,000 అయింది. 2022 ఏప్రిల్ 1 నుంచి చనిపోతే 5 లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు. గుద్ది పారిపోయిన కేసుల్లో చనిపోతే ఇచ్చేది 8,500, తర్వాత 25,000, 2022 నుంచి 2 లక్షలు. తీవ్ర గాయానికి 50,000.

పూర్తి పరిహారం కావాలంటే డ్రైవరు తప్పు చూపాలి, కుటుంబం ఏం కోల్పోయిందో లెక్క కట్టాలి. ఆ లెక్కకు సుప్రీంకోర్టు 2009లో సరళా వర్మ కేసులో, 2017లో ప్రణయ్ సేథీ కేసులో ఒక పద్ధతి పెట్టింది. నెలకు 12,000 సంపాదించే 38 ఏళ్ళ పాలవ్యాపారి చనిపోయాడనుకుందాం. వెనక భార్య, ఇద్దరు పిల్లలు. సొంత పని చేసుకునే 40 లోపు మనిషి కాబట్టి ముందు ముందు పెరిగే రాబడి కింద 40 శాతం కలపాలి: 16,800. ఏడాదికి 2,01,600. సొంత ఖర్చు మూడో వంతు తీసేస్తే 1,34,400. ఆ వయసుకు గుణకం 15. మొత్తం 20,16,000, అంత్యక్రియల ఖర్చు వగైరా దీని మీద అదనం. పేచీ అంతా ఆ మొదటి 12,000 దగ్గరే. అతనికి జీతం స్లిప్పు ఉండదు. పాలకేంద్రం పుస్తకం, వాడిక ఇళ్ళవాళ్ళ సాక్ష్యం, బ్యాంకు పాసుబుక్కు, ఏదీ లేకపోతే కనీస వేతనం ఆధారంగా ఊహించుకునే అంకె. ఆ అంకెను ఎంత తగ్గిస్తే కుటుంబానికి దానికి వందకు పైగా రెట్లు తగ్గుతుంది. అందుకే చిన్న కాగితం కూడా పారేయకూడదు. గుద్దుకున్న సైకిలును రిపేరు చేయించకూడదు. వంగిన వెనక చక్రం, పగిలిన రిఫ్లెక్టరు బండి వెనకనుంచి వచ్చిందని చెబుతాయి.

క్లెయిము వేయడానికి గడువు విషయంలో చట్టం ముందుకీ వెనక్కీ నడిచింది. మొదట 60 రోజులు, తర్వాత ఆరు నెలలు. 1994లో గడువే తీసేశారు. 2019 సవరణ ఆరు నెలల గడువును మళ్ళీ తెచ్చింది. 2022 ఏప్రిల్ నుంచి అమలు. ఇది అన్యాయమని నా నమ్మకం. భర్త పోయిన మనిషికి ఆరు నెలల్లో ఆసుపత్రి అప్పు లెక్కే తేలదు. దీనికి కొంత ఊరట ఇంకో నియమంలో ఉంది. పోలీసులు 48 గంటల్లో మొదటి ప్రమాద నివేదిక, 90 రోజుల్లో వివరమైన నివేదిక ట్రిబ్యునల్‌కు పంపాలి; దాన్నే క్లెయిముగా తీసుకోవచ్చు. దీన్ని సరిగా పాటించాలని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. బాధితులు తమ ఊళ్ళో, అంటే తామున్న చోటి ట్రిబ్యునల్‌లోనే కేసు వేసుకోవచ్చు. స్త్రీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 చట్టం ఇచ్చిన హక్కు. 15100కు ఫోను చేస్తే న్యాయ సేవల సంస్థ పలుకుతుంది. 2025 మేలో వచ్చిన పథకంతో ఏడు రోజుల దాకా లక్షన్నర వరకు నగదు కట్టకుండా వైద్యం కూడా అందాలి.

రోడ్డు మీద హక్కు, పడ్డాక పరిహారం: నేదర్లాండ్స్‌లో ఈ రెండు దారులూ కలిశాయి. 1971లో అక్కడ రోడ్ల మీద 400 మందికి పైగా పిల్లలు చనిపోయారు. కూతుర్ని పోగొట్టుకున్న ఒక విలేకరి 1972లో రాసిన వ్యాసం ‘పిల్లల హత్యలు ఆపండి’ అనే ఉద్యమానికి పేరిచ్చింది. తల్లిదండ్రులు రోడ్ల మీద కూర్చున్నారు. దారులు వచ్చాయి. చట్టమూ గట్టిపడింది: కారు సైకిలును గుద్దితే, పద్నాలుగేళ్ళలోపు పిల్లలైతే దాదాపు ఎప్పుడూ పూర్తి నష్టం, పెద్దలైతే కనీసం సగం కారువాళ్ళదే.

మన దగ్గర మొదటిదానికి, అంటే రోడ్డు మీద హక్కుకు, తలుపు ఇటీవలే తెరుచుకుంది. 2019 సవరణ 138(1ఎ) అనే చిన్న ఉప నిబంధన చేర్చింది. మోటారు లేని బళ్ళు, పాదచారుల రాకపోకల మీద రాష్ట్రాలు నిబంధనలు రాయవచ్చని అందులో ఉంది. కోయంబత్తూరు ఎముకల వైద్యుడొకరు 2012లో వేసిన పిటిషన్‌లో, ఆ నిబంధనలు ఆరు నెలల్లో రాయాలని 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. రాసేవాళ్ళు సైకిళ్ళు ఎక్కడెక్కడ తిరగకూడదో జాబితా వేసి సరిపెడితే అది మళ్ళీ ఇత్తడి బిళ్ళే అవుతుంది. ఊరి నుంచి హైస్కూలుకు, బస్తీ నుంచి ఫ్యాక్టరీకి వెళ్ళే ప్రతి రోడ్డు పక్కన, గట్టు అవతల 2 మీటర్లు వదలాలని మొదటి వాక్యంగా రాయాలి. 1962 నుంచి ఆ అంకె కాగితం మీదే ఉంది.