పాత విమానమునకు క్రొత్త యింజను

బక్కబండికి మేలుజాతి కోడెలను కట్టినంత మాత్రమున ప్రయాణము సుఖముగా సాగదని మన రైతు సోదరులకు వేరుగ చెప్పనక్కరలేదు. కోడెల బలమునకు తగిన కాడియు, ఇరుసును, చక్రములును ఉండవలెను. తోలువాడు వాని నడక నెరిగి యుండవలెను. రెండవ ప్రపంచ సంగ్రామమున యుద్ధవిమానములకు క్రొత్త యింజనులు బిగించిన చరిత్ర ఈ సత్యమునే చాటుచున్నది.

ఆంగ్లేయుల స్పిట్‌ఫైరు విమానము మొదట 1936 మార్చి 5వ తేదీన ఎగిరెను. రోల్స్‌రాయిస్ వారి మెర్లిన్ అను పండ్రెండు సిలిండర్ల యింజను దానికి ప్రాణము. 1940లో బ్రిటను గగనమున జరిగిన ఘోరయుద్ధమున ఈ విమానములు నడిపిన దళములలో 152వది హైదరాబాదు పేరు ధరించినది. నిజాము శిరోవేష్టనమే దాని చిహ్నము.

మరుసటి యేడు పరిస్థితి మారెను. 1941 శరదృతువున జర్మనులు ఫోకెవుల్ఫ్ 190 అను క్రొత్త విమానమును ఫ్రాన్సు తీరమున దింపిరి. అప్పటి అయిదవ రకము స్పిట్‌ఫైరు దాని ముందు వెలవెలబోయెను. యువ వైమానికులు అనేకులు నేలకొరిగిరి. పూర్తిగా క్రొత్త విమానమును నిర్మించుటకు ఏండ్లు పట్టును. యుద్ధము అంతవరకు ఆగునా?

ఇక్కడ ఒక చిక్కు గలదు. పైకి పోయినకొలది గాలి పలుచనగును. కొలిమికి తిత్తి యెట్లో, ఇంజనుకు గాలి నొత్తి నింపు సూపర్‌చార్జరు అను సాధనము అట్టిది. ఎక్కువ ఎత్తున ఒక్క తిత్తి చాలదు. స్టాన్లీ హూకర్ మొదలగువారు దానిని రెండంచెలుగ మార్చిరి: మొదటి పంకా ఒత్తిన గాలిని రెండవది మరల ఒత్తును. ఒత్తిన గాలి వేడెక్కును. వేడి గాలి ఇంజనుకు చేటు. కావున దానిని చల్లార్చు ఏర్పాటును గూడ జోడించిరి. ఎత్తున ఎగురు వెల్లింగ్టన్ బాంబరుకొరకు తలపెట్టిన ఈ యింజనును 1941 సెప్టెంబరులో ప్రయోగార్థము ఒక స్పిట్‌ఫైరునకు బిగించి ఎగురవేసిరి. మెర్లిన్ 61 అని దానికి పేరు.

ఇంజను పొడవు పెరుగుటచే విమానపు ముక్కును పొడిగించిరి. ముందు మూడు రెక్కలున్న ప్రొపెల్లరుకు బదులు నాలుగు రెక్కలది అమర్చిరి. రెండు రెక్కల క్రిందను సమానమైన శీతలక పేటికలు పెట్టిరి. పాత దేహమున క్రొత్త యింజను గల ఈ తొమ్మిదవ రకము 1942 జూలైలో రంగమున ప్రవేశించెను. అంతకు మునుపే, జూను 23న, జర్మను వైమానికుడొకడు దారితప్పి వేల్సులోని బ్రిటిషువారి విమానాశ్రయమున దిగెను. అట్లు చిక్కిన ఫోకెవుల్ఫుతో పోల్చి చూడగా రెండును దాదాపు సమానమని తేలెను. తాత్కాలికమని తలచిన ఈ రకము అయిదు వేలకు మించి తయారయ్యెను.

మస్టాంగు అను అమెరికా విమానముదియు ఇట్టి కథయే. క్రింద చురుకుగా ఎగిరెడి ఆ విమానము దాని అల్లిసన్ యింజనుతో ఎత్తున డీలాపడుచుండెను. 1942 ఏప్రిల్ 30న రోల్స్‌రాయిస్ వైమానికుడు రోనాల్డ్ హార్కర్ దానిని నడిపి చూచి, దీనికి మెర్లిన్ అమర్చుడని సలహా నిచ్చెను. ఆ సంవత్సరము అక్టోబరు 13న మెర్లిన్ మస్టాంగు ఎగిరెను. ఒక యేడు గడచిన పిమ్మట, 1943 అక్టోబరు 14న, చివరివరకు రక్షణ లేక ష్వైన్‌ఫుర్టు పైకి పోయిన అమెరికా బాంబరులలో 60 కూలెను. 1944 మార్చి నాటికి మస్టాంగులు బెర్లిను వరకు బాంబరులకు తోడుగ పోగలిగెను.

తోలువాని సంగతియు చెప్పవలెను. తరువాత స్పిట్‌ఫైరునకు ఇంకను పెద్దదగు గ్రిఫన్ యింజను బిగించిరి. అది మెర్లినుకు వ్యతిరేక దిశను తిరుగును. కావున నేల విడుచునప్పుడు విమానము ఎడమకు గాక కుడికి లాగుచుండెను. పాత అలవాటున పాదము మోపిన వైమానికునకు ప్రమాదమే! నేర్పరులు సయితము మరల నేర్చుకొనవలసి వచ్చెను.

మన హైదరాబాదు దళము తుదకు బర్మా రంగమున ఎనిమిదవ రకము స్పిట్‌ఫైరులను నడిపెను. రెండంచెల మెర్లినుకు తగినట్లు దేహమును దిద్ది చేసినది ఆ రకమే.

పాఠక మహాశయులారా! ఈ గాథలో గ్రంథాలయమునకు సంబంధించిన విషయ మొకటి గలదు. హూకర్ గణితము చదివినవాడు. 1938లో రోల్స్‌రాయిస్‌లో చేరునాటికి విమాన యింజనులలో ఆయనకు అనుభవము లేదు. తానంతగా ఇంజనీరును గానని అర్థమిచ్చు పేరునే ఆయన తన ఆత్మకథకు పెట్టుకొనెను. కాగితముపై ఆయన వేసిన లెక్క వేలాది వైమానికులకు ఎత్తున ఊపిరియైనది. చదివిన చదువు ఎప్పుడు, ఎక్కడ, ఎవరి ప్రాణమునకు అండయగునో ఎవ్వరెరుగుదురు? ఇరువదియైదేండ్లుగా మన గ్రంథాలయము తలుపులు తెరచి యుంచుట ఇందుకే గదా!