చిరునామా లేని యంత్రము

ఒక పాఠశాలలో ముప్పది కంప్యూటర్లు కలవనుకొందము. ఉదయమున మీట నొక్కగానే అన్నియు నెట్‌వర్క్‌లో చేరును. ప్రతిదానికిని ఒక సంఖ్యా చిరునామా ఉండవలెను. రెండింటికి ఒకే సంఖ్య ఉండరాదు. ఈ సంఖ్యలను పంచిపెట్టిన దెవరు?

1980 ప్రాంతమున ఈ పని మనుష్యులదే. ఒక్కొక్క యంత్రము నొద్దకు పోయి సంఖ్య నమర్చి, పుస్తకములో వ్రాసికొనెడివారు. పదింటికి ఇది చెల్లును, వేయింటికి చెల్లదు. పైగా డిస్కు లేని కంప్యూటర్లు వచ్చినవి. విద్యుత్తు పోయినచో వానికి తమ సంఖ్య జ్ఞాపకముండదు.

అడిగి తెలిసికొనవచ్చును గదా యందురేమో. చిరునామా లేనివాడు జాబు వ్రాసినచో ప్రత్యుత్తర మెచ్చటికి పంపవలెను? 1984లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమువారు దీనికొక దారి చూపిరి. తయారైననాడే యంత్రమున కబ్బిన 48 బిట్ల గుర్తును చెప్పి అడిగినచో జవాబు ఆ గుర్తునకే వచ్చును. మరుసటి యేడు బిల్ క్రాఫ్ట్, జాన్ గిల్మోర్‌ల బూట్‌పి పద్ధతి వెలువడెను. అయినను ఏ గుర్తునకు ఏ సంఖ్యయో తెలుపు పట్టికను మనిషియే వ్రాయవలసి యుండెను.

ఆ పట్టికతో పని లేకుండ జేసినది 1993 అక్టోబరులో ప్రకటింపబడిన డి.హెచ్.సి.పి. అమెరికాలోని బక్నెల్ విశ్వవిద్యాలయమునకు చెందిన రాల్ఫ్ డ్రోమ్స్ దీని రచయిత. ఇందలి కీలకము కౌలు. సర్వరు చిరునామాను దానము చేయదు, గడువు పెట్టి ఇచ్చును. కొత్త యంత్రము అందరికిని వినబడునట్లు కేక వేయును. సర్వరు ఒక సంఖ్యను చూపును, యంత్రము అదియే కావలెననును, సర్వరు ఖాయపరచును. సామాన్యముగా సగము గడువు గడవగానే యంత్రమే పొడిగింపు కోరును. వెడలిపోయిన యంత్రపు సంఖ్య గడువు తీరిన పిమ్మట మరొకదానికి చెందును. 32 బిట్ల చిరునామాలు మొత్తము 430 కోట్లకు లోపే గనుక ఈ పొదుపు చిన్నది కాదు.

కాని బదులు పలికినది నిజమైన సర్వరేనా? యంత్రము విచారింపదు, తరచుగా మొదట పలికినదానినే నమ్మును. వంచకు డొకడు తప్పుడు వివరము లిచ్చినచో దాని జాబులన్నియు వాని చేతిమీదుగా పోగలవు. 1997 నాటి సవరించిన ప్రమాణపత్రమే తన పద్ధతి భద్రమైనది కాదని ఒప్పుకొన్నది. తమ లోపమును తామే అచ్చువేసికొనుట మెచ్చదగినది. 2001లో సర్వరును గుర్తుపట్టు ఏర్పాటు వచ్చెను గాని వ్యాపింపలేదు. ప్రతి యంత్రములోను ముందుగా ఒక రహస్యపదము నుంచవలెను గదా! వదిలించుకొన్న చేతిపని పెరటిదారిని తిరిగి వచ్చినది.

వేలకొలది రౌటర్లను, స్విచ్‌లను నిలుపువారికి ఈ చిక్కు మరింత బరువైనది. 2019లో వెలువడిన ప్రమాణము ప్రకారము, అట్టి పరికరము కర్మాగారములోనే నాటబడిన ధ్రువపత్రముల సాయమున తన యజమాని యెవరో పరీక్షించుకొని, నమ్మదగిన సర్వరు పంపిన లేక యజమాని సంతకము గల అమరికలనే స్వీకరించును. పెట్టె విప్పి తీగ తగిలించువానికి ఆ సంఖ్యలతో పనియే లేదు.