హోల్కర్ కొలువులో బందరింటి నాయుడు

ఆటగాళ్లు రాజకుటుంబంలో అడుగుపెట్టారంటే మనకు ముందు గుర్తొచ్చేది పెళ్లే. సిడ్నీ ఒలింపిక్స్‌లో ఈదిన దక్షిణాఫ్రికా అమ్మాయి షార్లీన్ 2011లో మొనాకో పాలకుడు ఆల్బర్ట్‌ను పెళ్లాడి యువరాణి అయింది. క్రికెటర్ సి.కె. నాయుడికి, అంటే కొట్టారి కనకయ్య నాయుడికి, ఏ రాజుతోనూ వియ్యం లేదు. ఆయన్ని సంస్థానం పిలిచింది బ్యాటు చూసే.

ఆ కుటుంబం మూలాలు బందరులో ఉన్నాయి. పూర్వీకులు దుబాసీలు. నిజాం కొలువు పట్టుకుని హైదరాబాద్ వెళ్లారు, అక్కణ్నుంచి ఔరంగాబాద్, చివరికి నాగపూర్. సి.కె. అక్కడే 1895 అక్టోబర్ 31న పుట్టారు. తండ్రి సూర్యప్రకాశరావు కేంబ్రిడ్జిలో న్యాయశాస్త్రం చదివారు, క్రికెటర్ రంజిత్‌సింహ్‌జీ చదువుకున్న రోజుల్లోనే.

1923లో ఇందోర్ హోల్కర్ మహారాజు సి.కె.ను పిలిపించి తన సైన్యంలో కెప్టెన్ హోదా ఇచ్చారు. తర్వాత ఆయన కర్నల్ అయ్యారు. ఆ హోదాకు తగిన ఆట దేశమంతా చూసింది 1926 డిసెంబర్‌లో. బొంబాయి జింఖానా మైదానంలో ఇంగ్లండు నుంచి వచ్చిన ఎం.సి.సి. జట్టు బౌలర్ల మీద రెండు గంటలు కూడా పట్టకుండా 153 పరుగులు బాదారు. అందులో 11 సిక్సర్లు. ఇంగ్లండు జట్టుకు మనవాళ్లు సాటి రాగలరన్న నమ్మకం చాలామందికి కలిగింది ఆ మధ్యాహ్నమే.

అయినా 1932లో భారత్ తొలి టెస్టు పర్యటనకు ఇంగ్లండు బయల్దేరినప్పుడు కెప్టెన్ పోర్‌బందర్ మహారాజా, వైస్ కెప్టెన్ ఆయన బావమరిది లింబ్డీ యువరాజు. నాయకత్వం రాజరికానికే అన్నది అప్పటి ఆచారం. పోర్‌బందర్ తన ఆట పరిమితి ఎరిగిన మనిషి, తనంతట తానే తప్పుకున్నారు. లింబ్డీకి గాయమైంది. జూన్ 25న లార్డ్స్‌లో టాస్‌కు నడిచింది సి.కె. ఆ మ్యాచ్‌లో ఫీల్డింగ్ చేస్తూ చేతికి దెబ్బ తగిలించుకున్నారు. ఆ చేత్తోనే 40 పరుగులు చేశారు. తొలి ఇన్నింగ్స్‌లో మన జట్టుకు అదే అత్యధికం. మ్యాచ్ 158 పరుగుల తేడాతో పోయింది. మరుసటి ఏడు క్రికెట్ వార్షిక గ్రంథం విజ్డెన్ ఆయన్ని ఆ ఏటి అయిదుగురు మేటి ఆటగాళ్లలో ఒకరిగా ఎంచింది.

1936 ఇంగ్లండు పర్యటన సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది. ఈసారి కెప్టెన్సీ దక్కింది మన విజయనగరం రాజకుమారుడు విజ్జీకి. ఇద్దరూ తెలుగువాళ్లే, ఇద్దరూ తెలుగునేలకు దూరంగా బతికినవాళ్లే. ఒకరికి పలుకుబడి ఉంది, మరొకరికి ఆట ఉంది. జట్టు ముఠాలుగా చీలింది, జట్టులోని ఆటగాడు అమర్‌నాథ్‌ను పర్యటన మధ్యలోనే ఇంటికి పంపేశారు. ఆ రొంపిలోనే ఓవల్‌లో సి.కె. తన ఆఖరి టెస్టు ఇన్నింగ్స్ ఆడి 81 చేశారు. మొత్తం ఏడు టెస్టులు, 350 పరుగులు. ఆ లెక్క చూసి ఆయన్ని తూచేవాళ్లు పొరబడుతున్నారు. ఆయన మంచి వయసులో ఉండగా భారత్‌కు టెస్టు హోదాయే లేదు.

ఆయన స్థాయి తెలియాలంటే హోల్కర్ జట్టును చూడాలి. ముస్తాక్ అలీ, తమ్ముడు సి.ఎస్. నాయుడు లాంటివాళ్లు ఆడిన ఆ జట్టు 1945-46 నుంచి 1952-53 లోపు నాలుగుసార్లు రంజీ ట్రోఫీ గెలిచింది. ఒక చిన్న సంస్థానం బొంబాయి లాంటి జట్టుకు ఎదురు నిలిచిందంటే అందులో పెద్ద వాటా ఈ కర్నల్ క్రమశిక్షణదే.

1953 అక్టోబర్‌లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఆ సీజన్‌లోనే ఆంధ్ర జట్టు తొలిసారి రంజీలో దిగింది. కెప్టెన్‌గా వచ్చింది 58 ఏళ్ల సి.కె. నాయుడే. తరాల కిందట బందరు వదిలి వెళ్లిన ఇంటి పెద్దమనిషి, సంస్థానాలు పోయాక, ఆంధ్ర పేరుతో బరిలోకి దిగారు. 1956-57లో ఉత్తరప్రదేశ్ తరఫున చివరి రంజీ ఆడేనాటికి ఆయనకు అరవై దాటాయి. ఆఖరి ఇన్నింగ్స్‌లోనూ 52 కొట్టారు.