దినమొకటి, వ్రాతలు పెక్కు

తిరుత్తణి కొండకు 365 మెట్లు. ఏటి దినమున కొకటి యని పెద్దలు చెప్పుదురు. ఆ మెట్లకు పూజ డిసెంబరు 31వ తేదీన, ఇంగ్లీషు లెక్కను బట్టి జరుగును. అచ్చటి ఆడికృత్తిక సౌరమాసమైన ఆడిలో వచ్చును. తిరువళ్లూరు వీరరాఘవస్వామి పుష్కరిణికి జనులు అమావాస్య నాడు తరలివత్తురు. అది చంద్రుని లెక్క. ఇట్లు ఈ సీమలో మూడు కాలమానములు కలసి నడచుచున్నవి.

మనకు ఉగాది చైత్ర శుద్ధ పాడ్యమి; పొరుగు తమిళులకు ఏప్రిల్ నడుమ వచ్చు చిత్తిరై మొదటి దినము. అరువది సంవత్సరముల పేర్లు ఉభయులకు నొక్కటియే, ఆరంభములే వేరు. 1960 ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణి ఆంధ్రప్రదేశమునుండి మదరాసు రాష్ట్రములో చేరినది. ఆ యేడు ఉగాది మార్చి 28. కావున నాడు మన పంచాంగమున శార్వరి చైత్రము. తమిళ పంచాంగమున ఇంకను వికారి పంగుని. ఆ దినమున ఒకే వీధిలో వ్రాసిన రెండు ఉత్తరములు, ఈ భేదమెరుగని వానికి, వేర్వేరు సంవత్సరములవిగా తోచును.

ఈ చిక్కే నేడు కంప్యూటరులో వేరొక రూపమున తలయెత్తినది. 1-4-1960 అన్నచో మనకు ఏప్రిల్ ఒకటి. అమెరికా పద్ధతి నమర్చిన ప్రోగ్రామునకు జనవరి నాలుగు. తిరుత్తణిలో జన్మించిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి పుట్టినదినము 5-9-1888 అట్టి ప్రోగ్రామున మే 9 యగును. తేదీ 12 దాటినచో యంత్రము దోషమును పట్టగలదు. దాటనిచో తప్పు తప్పుగా కనబడకయే నిలిచిపోవును.

నిజమునకు యంత్రము లోపల దాచుకొనునది సంఖ్య మాత్రమే. మన సిద్ధాంతులు కలియుగాదినుండి అహర్గణము, అనగా గడచిన దినముల మొత్తము, గణించినట్లే, యూనిక్స్ పద్ధతి 1970 జనవరి 1వ తేదీనుండి సెకనులను గణించును. అంతకు ముందరి దినము ఋణసంఖ్య యగును. ఆ సంఖ్యకు తొడిగిన వేషమే తేదీ. అదియు గ్రీనిచ్ కాలము. మనము దానికి 5 గంటల 30 నిమిషములు ముందున్నాము. ఇచ్చటి అర్ధరాత్రి అచ్చట ముందునాటి సాయంకాలము 6-30. ఈ అంతరమును మరచిన ప్రోగ్రాము ఏప్రిల్ 1ని మార్చి 31గా చూపును.

1988లో వెలువడిన ఐ.ఎస్.ఓ. 8601 అను అంతర్జాతీయ ప్రమాణము ఏడు, నెల, దినము అను వరుసను నిర్ణయించినది: 1960-04-01. యంత్రమున కది చాలును. మన యిండ్లకు చాలదు. తండ్రి ఆబ్దికము తిథిని బట్టి పెట్టుదుము. కచేరీ పత్రము తేదీనే చెప్పును. కావున పాత కాగితములను కంప్యూటరు కెక్కించునపుడు నెలను అక్షరములలో వ్రాసి, ప్రక్కనే సంవత్సరనామమును, తిథిని, ఏ పంచాంగమో కూడ చేర్చుట మేలు. లెక్క యేదో తెలుపని తేదీ, ఊరు వ్రాయని చిరునామా వంటిది.