గ్రీకు నగర రాజ్యాలు: యుద్ధం చేసినవాడికే ఓటు ఎలా వచ్చింది?

సివిల్స్ మెయిన్స్ జనరల్ స్టడీస్ సిలబస్‌లో ప్రపంచ చరిత్ర 18వ శతాబ్దం నుంచి మొదలవుతుంది. అందుకే మనలో చాలామంది ప్రాచీన గ్రీసును వదిలేస్తాం. తీరా ఎస్సే పేపర్లో ప్రజాస్వామ్యం మీద టాపిక్ వస్తే మొదటి పేరాలోనే ఏథెన్స్‌ను లాక్కొస్తాం. కొండలు ఎక్కువ కాబట్టి చిన్న రాజ్యాలు, చిన్న రాజ్యాలు కాబట్టి ప్రజాస్వామ్యం అని రాసేస్తాం. ఇందులో మొదటి సగం ఫర్వాలేదు. రెండో సగం దగ్గర ఆగండి.

కొండలు గ్రీసును చిన్న మైదానాలుగా విడగొట్టిన మాట నిజం. ఆలివ్, ద్రాక్ష పండుతాయి, ధాన్యం చాలదు. అందుకే సముద్రం మీద పడ్డారు, సిసిలీ, దక్షిణ ఇటలీల్లో వలస నగరాలు కట్టుకున్నారు. కానీ అవే కొండలు స్పార్టా చుట్టూ కూడా ఉన్నాయి కదా! అక్కడ ఇద్దరు రాజులు, 60 ఏళ్లు దాటిన 28 మంది పెద్దల మండలి. మరి తేడా ఎక్కడుంది? యుద్ధం ఎవరు చేశారో చూడండి.

తొలినాళ్లలో బరువంతా హోప్లైట్లదే. కంచు శిరస్త్రాణం, డాలు, ఈటె సొంత డబ్బుతో కొనుక్కోగల రైతులు వీళ్లు. తమ ప్రాణం పెట్టినవాళ్లు పాలనలో మాట అడగడం సహజం. (దీనిపై చరిత్రకారుల్లో ఏకాభిప్రాయం లేదు. జవాబులో "ఒక కారణం" అని రాయండి.) క్రీ.పూ. 594లో సోలన్ ఏథెన్స్ పౌరులను పంట దిగుబడిని బట్టి నాలుగు తరగతులు చేశాడు. అట్టడుగున ఉన్న థీట్‌లకు సభలో చోటు దొరికింది, పదవులు దొరకలేదు.

స్పార్టా మెస్సీనియాను ఆక్రమించి అక్కడివారిని హెలట్లుగా మార్చింది. పొలం వాళ్లది, కత్తి పౌరులది. సొంత బానిసలు తిరగబడతారన్న భయంతోనే ఆ సైనిక క్రమశిక్షణ అంతా. సామూహిక భోజనానికి తన వాటా ధాన్యం ఇవ్వలేనివాడు పూర్తి పౌరసత్వం పోగొట్టుకునేవాడు. క్రీ.పూ. 371లో ల్యూక్ట్రా యుద్ధానికి వచ్చిన పూర్తి పౌరులు సుమారు 700 మందే, వారిలో 400 మంది చనిపోయారు. తర్వాత థీబ్స్ మెస్సీనియాను విడిపించింది.

ఏథెన్స్ కథను వెండి మలుపు తిప్పింది. క్రీ.పూ. 483 ప్రాంతంలో లారియం గనుల్లో భారీగా వెండి పడింది. తలా కొంత పంచుకుందామని జనం అనుకుంటే, యుద్ధ నౌకలు కడదామని థెమిస్టోక్లిస్ ఒప్పించాడు. నాది ఇంజినీరింగ్ కాబట్టి లెక్క వేయకుండా ఉండలేను: ఒక్కో ట్రైరీమ్‌కు 170 మంది తెడ్లు వేయాలి, 200 నౌకలంటే 34,000 మంది. మారథాన్‌లో పోరాడిన ఏథెన్స్ హోప్లైట్లు సుమారు పదివేలే. తెడ్డు వేయడానికి కవచం కొనక్కర్లేదు, కండ ఉంటే చాలు. వీళ్లలో విదేశీయులు, బానిసలు కూడా ఉన్నా, క్రీ.పూ. 480లో సలామిస్ దగ్గర పర్షియాను ఓడించాక పేద పౌరుడి మాటకు విలువ పెరిగింది. క్రీ.పూ. 462లో ఎఫియాల్టిస్ పెద్దల మండలి అధికారాలు కత్తిరించాడు. పెరిక్లీస్ కాలంలో జ్యూరీ సభ్యులకు జీతం వచ్చింది.

ఆ జీతాలకూ నౌకలకూ మిత్ర నగరాల కప్పం తోడ్పడింది. స్త్రీలకు, బానిసలకు, అక్కడ స్థిరపడిన విదేశీయులకు ఓటు లేదు, కప్పం కట్టే నగరాలకూ లేదు. మిటిలీన్ తిరగబడితే, క్రీ.పూ. 427లో అక్కడి మగవాళ్లందరినీ చంపాలని ఏథెన్స్ సభ ఓటేసి ఓడ పంపింది. మర్నాడు మళ్లీ చర్చించి, స్వల్ప మెజారిటీతో మనసు మార్చుకుంది. రెండో ఓడవాళ్లు తెడ్లు వేస్తూనే తిని, వంతులవారీగా నిద్రపోయి, మొదటి ఉత్తర్వు అమలు కాబోతుండగా చేరారు. నగరం బతికింది. తిరుగుబాటుకు ముఖ్య బాధ్యులని ఏథెన్స్ తేల్చినవాళ్లను మాత్రం చంపేశారు.