వైజాగ్ డాబా మీద నుంచే రింగ్ నెబ్యులా ఫొటో.. ఎలా తీయాలి? ఏ నెలల్లో కుదురుతుంది?

విశాఖపట్నం: ఓవైపు పోర్టు లైట్లు, మరోవైపు స్టీల్‌ప్లాంట్ వెలుగు.. వైజాగ్‌లో పాలపుంత కనిపించడం కష్టమే. కానీ ఇదే సిటీలో మేడ మీద నుంచి రింగ్ నెబ్యులాను ఫొటో తీయొచ్చు.

ఏంటీ నెబ్యులా?
సూర్యుడి లాంటి నక్షత్రం చివరి దశలో వదిలేసిన వాయువుల వలయం ఇది. 'ప్లానెటరీ నెబ్యులా' అంటారు గానీ గ్రహాలతో సంబంధం లేదు. టెలిస్కోప్‌లో గ్రహంలా గుండ్రంగా కనిపించడంతో 18వ శతాబ్దంలో ఆ పేరొచ్చింది. దూరం సుమారు 2,500 కాంతి సంవత్సరాలు.

ఫిల్టరే కీలకం
గెలాక్సీల కాంతి అన్ని రంగుల్లో పరుచుకుని ఉంటుంది. నెబ్యులా కాంతి మాత్రం కొన్ని రంగుల్లోనే వస్తుంది. ముఖ్యంగా ఆక్సిజన్‌ది 500.7, హైడ్రోజన్‌ది 656.3 నానోమీటర్ల దగ్గర. ఆ రెండింటినే వదిలే నారోబ్యాండ్ ఫిల్టర్ పెడితే సిటీ లైట్లు చాలావరకు ఆగిపోతాయి.

సైజే సమస్య
చందమామ వెడల్పులో ఇది 20వ వంతు కూడా ఉండదు. 1000 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్‌తో తీస్తే సెన్సర్ మీద పడే బొమ్మ 0.4 మిల్లీమీటరే. 2000 అయితే 0.8. అందుకే ఫోకల్ లెంగ్త్ ఎక్కువున్న టెలిస్కోప్, ఆకాశంతో పాటు తిరిగే మౌంట్ కావాలి. వేగా నక్షత్రం మీద ఫోకస్ సెట్ చేసుకుని, దగ్గర్లోని షెలియాక్, సులాఫత్ నక్షత్రాల మధ్య వెతకాలి. తక్కువ ఎక్స్‌పోజర్‌తో వందల ఫొటోలు తీసి, కదిలినవి పక్కనపెట్టి, మిగతావి స్టాక్ చేయాలి. సముద్రపు తేమకు లెన్స్ మీద మంచు పట్టకుండా డ్యూ హీటర్ తప్పనిసరి.

ఎప్పుడు తీయాలి?
అసలు చిక్కు ఇక్కడే. జులైలో ఇది అర్ధరాత్రి దాదాపు నడినెత్తికి వస్తుంది. అప్పుడేమో వానలు! మిగిలేవి రెండే అవకాశాలు: ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారుజామున, అక్టోబర్, నవంబర్‌లలో చీకటి పడగానే. ఆ రెండోదీ తుపాన్ల సీజనే. 2014లో హుద్‌హుద్ వైజాగ్‌ను తాకింది అక్టోబర్ 12నే. కాబట్టి మబ్బులేని రాత్రి దొరికితే వదులుకోవద్దు.

వైజాగ్‌కు కొత్తేం కాదు
డాబాగార్డెన్స్‌లో గోడే వెంకట జగ్గారావు 1840లోనే సొంత అబ్జర్వేటరీ కట్టించారు. 1874 డిసెంబర్ 9న ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు అక్కడి నుంచే శుక్ర గ్రహం సూర్యుడిని దాటడాన్ని పరిశీలించారు. అలాంటి మరో ప్రైవేట్ అబ్జర్వేటరీలోనే, 1886లో హంగేరీకి చెందిన గొతార్డ్ తీసిన ఫొటోలో రింగ్ నెబ్యులా మధ్యలోని నక్షత్రం బయటపడింది. ఆ మసక చుక్క మీ ఫొటోలోనూ కనిపించిందంటే టెస్ట్ పాసైనట్టే.